లోగో పూర్తయ్యాక క్లయింటుకు ఏయే ఫైళ్లు ఇవ్వాలి?

నమస్తే అండి. పచ్చళ్ల వ్యాపారానికి తెలుగు అక్షరాలతో ఇలస్ట్రేటర్‌లో లోగో చేశానని, క్లయింటు "అన్ని ఫార్మాట్లలోనూ పంపండి" అంటున్నారని, ఏవి ఇవ్వాలో, అసలు ఏఐ ఫైల్ (ఇలస్ట్రేటర్‌లో మార్పులు చేసుకోగలిగే మూల ఫైల్) ఇవ్వాలో వద్దో తెలియట్లేదని అడిగారు. నేనూ ఎక్కువగా ఇలాంటి చిన్న వ్యాపారాలకే, తెలుగు అక్షరాలతోనే లోగోలు చేస్తుంటాను. అందుకే ఫార్మాట్ల కంటే ముందు ఒక మాట చెప్తాను. ఫైల్ మీ కంప్యూటర్ దాటేలోపు అందులో ఒక్క అక్షరం కూడా ఫాంట్‌గా మిగలకూడదు.

తెలుగు లోగోలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మీరు అను ఫాంట్లు వాడి ఉంటే, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన చోట్ల తెలుగు రూపాలను కూర్చి పెట్టినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే షాపు పేరు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. యూనికోడ్ ఫాంటే వాడాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అవతలి కంప్యూటర్లో భారతీయ లిపులను కూర్చే కంపోజర్ ఎంచుకుని లేకపోతే వత్తులు కిందికి దిగవు, ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అవుతుంది. తెలుగు చదవడం రాని ఆపరేటర్ అయితే అది తప్పని గుర్తుపట్టే అవకాశమే లేదు, అలాగే ప్రింట్ కొట్టేస్తాడు. కాబట్టి ఇలస్ట్రేటర్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్, కోరల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్ తప్పనిసరి, ఇవి అక్షరాలను ఫాంట్ అవసరం లేని ఆకారాలుగా మారుస్తాయి. టైప్ చేసిన కాపీ ఒకటి మీ దగ్గర విడిగా దాచుకోండి, రేపు పేరులో చిన్న మార్పు అడిగితే పనికొస్తుంది.

కర్వ్స్ చేశాక ఇంకో పని ఉంది, చాలామంది వదిలేస్తారు. తెలుగు ఫాంట్లలో తలకట్టు, గుడి, వత్తు లాంటివి చాలాసార్లు అసలు అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. ప్రింటులో ఇది తెలియదు, అంతా ఒకే రంగు కాబట్టి. కానీ క్లయింటు ఆటో మీద రేడియం స్టికర్ వేయించినా, షాపు ముందు ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డుకి అక్షరాలు కోయించినా మెషిన్ ప్రతి గీత వెంబడీ కోస్తుంది. అక్షరం మధ్యలోంచి అడ్డంగా కోత పడుతుంది. అందుకే ఇలస్ట్రేటర్‌లో యునైట్, కోరల్‌లో వెల్డ్ చేసి (అంటే ముక్కలన్నీ ఒకే ఆకారంగా కలిపి), అవుట్‌లైన్ వ్యూలో ఒక్కో అక్షరాన్నీ చూసుకోండి. బోర్డర్‌గా వాడిన స్ట్రోకులు ఉంటే వాటినీ షేపులుగా మార్చేయండి. లేకపోతే సైజు మార్చినప్పుడు అవతలివాళ్ల సెట్టింగును బట్టి గీత లావు తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడు ఫైళ్ల సంగతి. ఒక్క ఫైలే ఇవ్వాలంటే నేను వెక్టర్ పీడీఎఫ్ (చుక్కలతో కాక గీతల లెక్కతో ఉండేది, ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు) ఇస్తాను. క్లయింటు ఫోన్లో తెరుచుకుంటుంది, ప్రింటింగ్ ప్రెస్సులోనూ తెరుచుకుంటుంది, కోరల్‌లోకి ఇంపోర్ట్ అవుతుంది. రంగులు సీఎంవైకేలో (ప్రింటింగ్ ఇంకుల రంగుల పద్ధతి) పెట్టండి. అయితే పీఎన్‌జీని తెచ్చి పీడీఎఫ్‌గా సేవ్ చేసినంత మాత్రాన అది వెక్టర్ అయిపోదు. బాగా జూమ్ చేసి అంచు చూస్తే తెలిసిపోతుంది.

మన ఊళ్లలో ఫ్లెక్సీ షాపులు, కార్డులు వేసేవాళ్లు ఎక్కువగా కోరల్‌డ్రా మీదే పనిచేస్తారు, అదీ చాలాచోట్ల పాత వెర్షన్. కొత్త వెర్షన్లో సేవ్ చేసిన సీడీఆర్ (కోరల్ ఫైల్) పాతదాంట్లో తెరుచుకోదు. కోరల్ మీ దగ్గర ఉంటే ఆ షాపుకి ఫోన్ చేసి ఏ వెర్షనో కనుక్కుని దానికి తగ్గట్టు సేవ్ చేయండి. లేకపోతే పీడీఎఫ్‌తో పాటు ఒక ఈపీఎస్ (పాత తరహా వెక్టర్ ఫైల్) చాలు. ఈపీఎస్‌కి ట్రాన్స్‌పరెన్సీ తెలియదు కాబట్టి నీడలు, పారదర్శక రంగులు ఉంటే అందులో తేడా కొట్టొచ్చు. అసలు లోగోలో అలాంటివి లేకపోతేనే మంచిదని నా అభిప్రాయం.

వెబ్‌సైట్ చేసేవాళ్లకి ఎస్వీజీ (వెబ్‌సైట్లలో వాడే వెక్టర్ ఫైల్). అంతే, దానిగురించి పెద్దగా చెప్పేదేం లేదు.

క్లయింటు రోజూ వాడేది మాత్రం పీఎన్‌జీయే, కాబట్టి దానిమీద కాస్త ఓపిక పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ లేకుండా 3000 పిక్సెళ్ల వెడల్పుతో ఒకటి ఇవ్వండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 10 అంగుళాల దాకా శుభ్రంగా వస్తుంది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ డీపీ కోసం చదరంగా, వెనక రంగుతో ఇంకొకటి. అక్కడ గుండ్రంగా కత్తిరిస్తారు కాబట్టి పొడవాటి పేరు పట్టదు, గుర్తు ఒక్కటీ లేదా మొదటి అక్షరం పెడితే బాగుంటుంది. ఇవన్నీ ఆర్‌జీబీలో (ఫోన్, కంప్యూటర్ తెరల రంగుల పద్ధతి) ఉండాలి, పీఎన్‌జీలో సీఎంవైకే ఉండదు. ఫోన్లో మెరిసే ఆకుపచ్చ, నారింజ రంగులు కాగితం మీద కాస్త డల్‌గా వస్తాయని క్లయింటుకి ముందే చెప్పండి. ప్రింట్ వచ్చాక చెప్తే సాకులా వినిపిస్తుంది.

జేపీజీ తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఒకటి చాలు. ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్ దరఖాస్తు లాంటి చోట్ల అదే అడుగుతారు.

ఈ ఫైళ్లను వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి. కుదించేస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీకి బ్యాక్‌గ్రౌండ్ వచ్చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. నేను ఫోల్డర్లకి ఫార్మాట్ పేరు పెట్టను, ‘ఫ్లెక్సీ, ప్రింటింగ్ షాపుకి’, ‘వాట్సాప్, ఫేస్‌బుక్‌కి’, ‘వెబ్‌సైట్‌కి’ అని పెడతాను. ఓనర్‌గారికి ఎస్వీజీ అంటే ఏంటో తెలియాల్సిన పనిలేదు. ఫ్లెక్సీవాళ్లు అడగ్గానే గ్యాలరీలో కనబడిన బొమ్మే పంపేస్తారు. 500 పిక్సెళ్ల బొమ్మని 4 అడుగుల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి సుమారు 10 పిక్సెళ్లే మిగులుతాయి, అక్షరాల అంచులన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి.

ఫార్మాట్లు ఎన్ని ఇచ్చినా మూడు రూపాలు లేకపోతే లోగో సగమే ఇచ్చినట్టు. మామూలు రంగులది, రబ్బరు స్టాంపుకీ బిల్లు బుక్కుకీ పనికొచ్చే ఒంటి నలుపుది, ముదురు రంగు మీద వేసుకోవడానికి తెల్లది. మీది పచ్చళ్ల లోగో కాబట్టి నాలుగోది కూడా చేయమంటాను. చిన్న సీసా లేబుల్ మీద లోగోకి రెండు మూడు సెంటీమీటర్లే దొరుకుతుంది. ఆ సైజులో ట్యాగ్‌లైన్ చదవలేం, వత్తుల లోపలి ఖాళీలు ఇంకుతో పూడిపోతాయి. ట్యాగ్‌లైన్ తీసేసి, వత్తుల్లో సందులు కొంచెం తెరిచి విడిగా ఒక చిన్న వెర్షన్ చేసి ఇవ్వండి. మామూలు ప్రింటర్లో అసలు సైజుకే ప్రింట్ తీసి, వాళ్లింట్లో పెద్దవాళ్లెవరితోనైనా చదివించి చూడండి.

ఇక ఏఐ ఫైల్. ఇవ్వాలా వద్దా అన్నది పని ఒప్పుకునేటప్పుడే తేల్చుకోవాల్సిన విషయం. నేనైతే పూర్తి డబ్బు వచ్చాక ఇస్తాను. వాళ్ల పేరు, వాళ్ల వ్యాపారం, రేపు నేను అందుబాటులో లేకపోతే వాళ్లు ఇబ్బంది పడకూడదు. కానీ ఇచ్చేది కర్వ్స్ చేసిన కాపీయే. ఫాంట్ ఫైల్ మాత్రం జతచేయకండి, మీరు కొన్న లైసెన్స్ సాధారణంగా క్లయింటుకి వర్తించదు. ఒకవేళ ఇవ్వకూడదనుకుంటే పీడీఎఫ్ సేవ్ చేసేటప్పుడు ప్రిజర్వ్ ఇలస్ట్రేటర్ ఎడిటింగ్ కేపబిలిటీస్ టిక్ తీసేయండి, లేకపోతే ఆ పీడీఎఫ్‌లోనే మీ ఏఐ ఫైల్ మొత్తం వెళ్లిపోతుంది. ఫైలు ఇవ్వడం వేరు, హక్కులివ్వడం వేరు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ చెల్లాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒక పేజీ కాగితం రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి, ట్రేడ్‌మార్క్ పనికి వెళ్లినప్పుడు క్లయింటుకీ అది ఉపయోగపడుతుంది.