అన్న దగ్గరికి వెళ్లేముందు

చిన్నా,

వాటా కాగితాలు తాకట్టు పెట్టినందుకు క్రిస్మస్ లోపే అన్నని కలిసి క్షమాపణ అడుగుతానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో ఏడ్చేశాను. కాసేపటికే టెన్షన్ పట్టుకుంది. పాస్టర్ గారినీ సంఘపెద్దలనూ వెంటబెట్టుకుని వెళ్తావట. వద్దు నాన్నా. పెద్దమనుషుల ముందు వాడు కాదనలేడు. కాదనలేక ఇచ్చిన క్షమాపణతో నువ్వేం చేసుకుంటావు?

ముందు ఫోన్ చేసి, వాడికి వీలైన రోజు అడుగు. ప్రార్థన చేసుకుని బయలుదేరు. వదిన అన్నం పెడితే తిను, పెట్టకపోతే బాధపడకు.

వాడికి ఇవ్వాల్సిన డబ్బు మాత్రం చేతిలో పట్టుకునే వెళ్లు. బైబిల్లో యాకోబు, తాను మోసం చేసిన అన్న ఏశావుకి ఒంటె పిల్లలు కాకుండానే 550 పశువుల్ని ముందుగా పంపాడు. ఏశావు 400 మందితో వచ్చి కూడా, పరుగెత్తి మెడ మీద పడి ఏడ్చాడు. నాకు చాలా ఉంది తమ్ముడా అని ఏశావు అంటున్నా, యాకోబు బతిమాలి తీసుకునేలా చేశాడు. నువ్వూ అలాగే చెయ్యి. అయితే అక్కడ నన్ను ఎప్పుడూ బాధపెట్టేది ఒకటుంది. ఏడుసార్లు సాగిలపడ్డాడు గానీ, నాన్నని మోసం చేసి నీ దీవెన తీసుకున్నానని యాకోబు నోరు తెరిచి చెప్పలేదు. వెనకే ఏశావు ఉండే శేయీరుకి వస్తానని చెప్పి, సుక్కోతు అనే వేరే చోటికి వెళ్లిపోయాడు. భయం పోలేదన్నమాట.

యాకోబు కొడుకు యోసేపు అన్నల సంగతి ఇంకా ఘోరం. వాళ్లు అమ్మేసిన తమ్ముడే ఐగుప్తులో పెద్ద అధికారి అయ్యాడు, ఆ సంగతి తెలియకుండానే ఆయన ముందుకి వచ్చారు. అప్పుడు గుంటలో నుంచి తమ్ముడు బతిమాలుకుంటే వినలేదని అక్కడ వాళ్లలో వాళ్లే అనుకున్నారు. ఆ అధికారికి తమ భాష రాదనుకున్నారు. యోసేపు అవతలికి వెళ్లి ఏడ్చాడు. తనకి చెప్పాల్సిన మాటని చాటుగా వినాల్సి వచ్చింది చూడు! ఆ తర్వాత ఆయన తానెవరో చెప్పి, ముద్దుపెట్టుకుని, ఐగుప్తులోని గోషెనులో చోటిచ్చి పోషించాడు. తండ్రి యాకోబు అక్కడ 17 ఏళ్లు బతికాడు. అన్నేళ్లలో ఒక్క అన్నయినా యోసేపు దగ్గర కూర్చుని, నిన్ను అమ్మేశాం తప్పు చేశాం అన్నట్టు ఆదికాండంలో రాసి లేదు. తండ్రి పోగానే భయపడి, మమ్మల్ని క్షమించమని నాన్న నీకు చెప్పమన్నాడు అంటూ ముందు కబురు పంపారు. ఆ మాటకి యోసేపు మళ్లీ ఏడ్చాడు. నేను దేవుని స్థానంలో ఉన్నానా అని వాళ్లనే ఓదార్చాడు.

మనింట్లోనూ ఇదే జరిగింది. నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ చిన్నతాత రాత్రికి రాత్రి తాతయ్య పొలంలోకి గట్టు జరిపాడు. ఉజ్జీవ కూటాల్లో పెద్దలు ఇద్దర్నీ లేపి కౌగిలించుకోమన్నారు, అందరూ హల్లెలూయా అన్నారు. గట్టు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అప్పట్నుంచీ చిన్నతాత పండక్కి వస్తే అరుగు మీదే కూర్చునేవాడు, ఎంత పిలిచినా లోపలికి రాడు. తాతయ్య మంచాన పడ్డాక కొడుకుని పంపించాడు, పెదనాన్నకి ఇంకా కోపం ఉందేమో కనుక్కుని రమ్మని. తాతయ్య గోడవైపు తిరిగి ఏడ్చాడు. "ఇన్నేళ్లూ వాడు నన్ను నమ్మలేదా అమ్మా" అని నన్ను అడిగాడు. నాకేం చెప్పాలో తెలియలేదు.

అందుకే చెప్తున్నాను. "నీ వాటా కాగితాలు నీకు చెప్పకుండా తాకట్టు పెట్టాను" అని నీ నోటితో అను. పొరపాటు జరిగిపోయిందనకు, దానంతటదే జరగలేదు. వ్యాపారంలో నష్టం వచ్చిందన్న కథ వాడు అడిగితేనే చెప్పు. అమ్మ ఆరోగ్యం పేరు ఎత్తకు.

వాడు వెంటనే కరగకపోవచ్చు. యోసేపు కూడా అన్నల్లో ఒకడైన షిమ్యోనును పట్టి ఉంచాడు, తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. ఒకప్పుడు యోసేపుని అమ్ముదామన్న అన్న యూదాయే ఇప్పుడు చిన్నవాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అన్నాక గానీ ఆయన బయటపడలేదు. మీ అన్నా నిన్ను పరీక్షించనీ. ఏళ్ల తరబడి వడ్డీ కట్టింది వాడు. వాడికి ఎన్నాళ్లు కావాలో వాడే చెప్పాలి. క్షమించాలని వాక్యంలో లేదా అని మాత్రం వాడితో అనకు. అది నీ నోటి నుంచి రాకూడదు.

చిన్నప్పుడు వాడి చెయ్యి పట్టుకోకుండా సండే స్కూల్‌కి వెళ్లేవాడివి కాదు నువ్వు. వాడూ మర్చిపోయి ఉండడు.

ఏ రోజు వెళ్తున్నావో చెప్పు, ఆ రోజు ఉపవాసం ఉంటాను. రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి. తలుపు తీయకపోయినా సరే, చెయ్యి.

నీ పెద్దమ్మ