కార్ట్రిడ్జ్ మార్చాక ఈ-సిగరెట్ బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోతోంది, ఎందుకు?

తమ్ముడూ, మీ బావ కువైట్ నుంచి తెచ్చుకున్న ఈ-సిగరెట్‌కు కార్ట్రిడ్జ్ (లిక్విడ్ ఉండే గొట్టం) మార్చినప్పటి నుంచి చార్జింగ్ నిలవడం లేదు, అడుగున లిక్విడ్ కారుతోంది, కొత్త బ్యాటరీ కడపలో ఎక్కడ దొరుకుతుంది అని అడిగావు. చివరిదానికి ముందు చెప్తా: వెతకొద్దు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో వీటి దిగుమతి, అమ్మకం, రవాణా, నిల్వ అన్నీ నేరమే. నిల్వ పెట్టుకున్నందుకే ఆరు నెలల దాకా జైలు గానీ, 50 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. నాకు ఈ సంగతి ఊరికొచ్చాక తెలిసింది. ఎవరైనా చాటుగా అమ్మినా ఆ సరుకు అసలుదో నకిలీదో చెప్పేవాడుండడు.

ఇక బ్యాటరీ సంగతి. నేను కువైట్‌లో నాలుగేళ్లు డ్రైవరు పని చేశా. సిగరెట్ మానేద్దామని దీన్ని పట్టుకుని, చివరికి రెండూ తాగే స్థితికి వచ్చా, అది వేరే కథ. అక్కడ నేనూ మీ బావ చేసిన పొరపాటే చేశా. మర సరిపోయింది కదా అని ఏ కార్ట్రిడ్జ్ పడితే అది బిగించా. చాలావాటికి ఒకే మర ఉంటుంది, దాన్ని 510 అంటారు. మర సరిపోయినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు. లోపల లిక్విడ్‌ను వేడిచేసే తీగచుట్ట, అదే కాయిల్, ఎన్ని ఓములో, అంటే కరెంటుకు ఎంత అడ్డు పడుతుందో చూడాలి.

లెక్క చిన్నదే. బ్యాటరీ 3.7 వోల్టులు అనుకో. కాయిల్ 1.5 ఓములైతే దాదాపు రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే 0.5 ఓములైతే ఏడుకు పైనే. అంటే మూడింతలు. నాది పెన్ను సైజు బ్యాటరీ, పైన 650 ఎంఏహెచ్ (చార్జు పట్టే సామర్థ్యం) అని రాసి ఉండేది, అంత లాగుడుకు చేసింది కాదు. త్వరగా దిగిపోవడమే కాదు, వేడెక్కుతుంది. కార్ట్రిడ్జ్ మీద ఓములు రాసి ఉంటాయి. చెరిగిపోతే బ్యాటరీ నుంచి విప్పేసి మల్టీమీటరుతో కొలవొచ్చు. పాతదానికీ కొత్తదానికీ తేడా అక్కడే బయటపడుతుందని నా అనుమానం.

కారడానికి మన ఎండ కూడా ఒక కారణం. వేడికి లిక్విడ్ పలచబడి, దాన్ని పట్టి ఉంచే లోపలి దూది పట్టు వదిలేస్తుంది. సెలవులో వచ్చినప్పుడు మే నెలలో ఒకరోజు నాది మిద్దె మీద బండల మీద మరిచిపోయా. కడప బండ మధ్యాహ్నం ఎలా కాలుతుందో నీకు చెప్పక్కర్లేదు. సాయంత్రానికి కార్ట్రిడ్జ్ సగం ఖాళీ, మరంతా జిగట. తుడిచానులే అనుకుని, అలాగే ఫోను ఫాస్ట్ చార్జరుకు పెట్టి భోజనానికి కూర్చున్నా. తిరిగొచ్చి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. చార్జరు పీకి, పట్టుకారుతో తీసుకెళ్లి ఇసుక బకెట్టులో పడేశా. పేలలేదు. మా అమ్మ మాత్రం వారం రోజులు నన్ను పేల్చింది.

ఆ తర్వాత నేర్చుకున్నవి చెప్తా. మర దగ్గర తడి కనిపిస్తే కార్ట్రిడ్జ్ విప్పి, దూదిపుల్లకు కొంచెం స్పిరిట్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చార్జింగు దాంతోపాటు వచ్చిన తీగతోనే, కళ్లముందే. రాత్రి తలగడ పక్కన అస్సలు వద్దు. కార్ట్రిడ్జ్‌ను బలం కొద్దీ బిగిస్తే నడిమి పిన్ను లోపలికి దిగిపోయి, బ్యాటరీ బాగున్నా చచ్చినట్టు కనిపిస్తుంది. వేళ్లతో తిప్పి, బిగుతు తగలగానే ఆపితే చాలు. కొత్త కార్ట్రిడ్జ్‌లో లిక్విడ్ పోసిన వెంటనే పీల్చకుండా పది నిమిషాలు ఆగాలి, లేకపోతే ఎండు దూది మాడి గొంతు మండుతుంది. మాడిన వాసన ఒక్కసారి పట్టిందంటే ఆ కాయిల్ ఇక బాగుపడదు.

బ్యాటరీ మీద సొట్ట ఉన్నా, పై పొర చిరిగినా, ఉబ్బినా బాగు చేయించే ఆలోచన పెట్టుకోవద్దు. ఏడు రోడ్ల దగ్గర ఒక సెల్ రిపేరు కుర్రాడు నాది విప్పి వేరే సెల్లు అతికిస్తానన్నాడు. తీసుకెళ్లింది నా తప్పే. అందులో ఉండే చిన్న రక్షణ సర్క్యూటును పక్కన పెట్టేసి నేరుగా తీగలు కలపబోతుంటే ఆపి తెచ్చేసుకున్నా.

దాన్ని చివరికి వదిలించింది చట్టం భయం కాదు. మామిడిపండు వాసనొచ్చే ఆ లిక్విడ్ సీసాను మూడేళ్ల పాప మూత తీయబోతుంటే చూశా. నికోటిన్ లిక్విడ్ పిల్లల కడుపులోకి కొంచెం పోయినా ప్రమాదమే, చర్మం మీద పడినా ఒంట్లోకి ఇంకుతుంది. మీ ఇంట్లో పిల్లలుంటే ఆ కారే కార్ట్రిడ్జ్‌ను ఈ రోజే కవరులో చుట్టి వాళ్లకు అందకుండా పెట్టు. బ్యాటరీని చెత్తబుట్టలో వేయొద్దు, రెండు కొసలకూ టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. నేను అలాగే ఇచ్చేశా.