గొట్టం ఎర్రబడ్డాక పొయ్యి వెలిగించే ముందు

చి. శీనుకు, మావయ్య ఆశీస్సులు.

మెస్సులో కట్టెల పొయ్యి గొట్టం రాత్రి ఎర్రగా కాలి, బుస్సుమని చప్పుడు చేసిందని అమ్మ ఫోన్లో చెప్పింది. పొయ్యి బాగానే ఉంది, రేపు వెలిగిస్తానన్నావట. వద్దురా. పాడైంది పొయ్యి కాకపోవచ్చు. కంటికి ఆనని చోట, పైకప్పులోంచి పోయే ముక్క కావచ్చు.

ఒక రోజంతా చల్లారనివ్వు. నీళ్లు మాత్రం కొట్టకు, కాగిన ఇటుక పగులుతుంది, రేకు వంకరపోతుంది.

బూడిద తీసేసి, లైట్లార్పి, పొయ్యి లోపల టార్చి పెట్టి బయటినుంచి చూడు. వెలుతురు కనిపించిన చోట అతుకు విడిందన్నమాట. పొయ్యి లోపలి ఫైర్ బ్రిక్కుల్లో, అంటే వేడికి ఓర్చే ఇటుకల్లో, వెంట్రుకవాసి బీటలకు ఫైర్ క్లే (వేడికి ఓర్చే మట్టి) మెత్తితే చాలు. కదిలినవీ పెచ్చులూడినవీ మార్చాల్సిందే. పోత ఇనప తలుపును చిన్న సుత్తితో తట్టు. ఖంగుమనకుండా బొంగురుగా పలికితే పగులుంది. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగు; ఇట్టే వచ్చేస్తే గాస్కెట్ తాడు, అంటే తలుపు అంచు చుట్టూ సందు మూసే తాడు, పోయినట్టే.

అసలు సంగతి గొట్టం. కింది మూత విప్పి, రాలిన మసి అరచేతిలో పోసుకుని చూడు. మామూలు మసి నల్లగా పొడిపొడిగా ఉంటుంది. మరమరాల ఉండలా పొంగి, గుల్లగా, తేలిగ్గా ఉంటే లోపల పొగనుంచి పేరుకున్న తారే తగలబడింది. ఆ మంట వెయ్యి డిగ్రీలు దాటగలదు. జీఐ రేకు మీది జింకు 420 డిగ్రీలకే కరిగిపోతుంది, అందుకే పూత పొలుసులుగా లేచిన గొట్టాన్ని నమ్మకు. లోపల స్టీలు గొట్టం ఉంటే, అది రంగు మారినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు గానీ, ఉబ్బినా, కుట్టు నోరు తెరిచినా ఆ ముక్క తీసెయ్. ఫోన్లో వీడియో పెట్టి, టార్చి వెలిగించి, తాడు కట్టి పైనుంచి దించు. ప్రతి అతుకు దగ్గరా కాసేపు ఆపు.

గొట్టం పక్కనున్న చెక్క నల్లబడిందేమో తడిమి చూడు. ఒంటి రేకు గొట్టానికీ కర్రకూ 18 అంగుళాల ఎడం ఉండాలి. పైగదిలో పిల్లలు పడుకుంటారు, గొట్టానికి పడిన కన్నంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసనా రంగూ ఉండవు.

కొత్త ముక్కలు ఆటోనగర్లో చేయించు. సన్నంచు కిందికి, పొయ్యి వైపుకి వచ్చేట్టు బిగించమను, అప్పుడే కారిన తారు లోపలే దిగుతుంది. అతుక్కి మూడు స్క్రూలు. వానాకాలంలో పచ్చి సరుగుడు కట్టె సన్నటి సెగన మండిస్తే తారు పడుతుంది. చీల్చి, ఆర్నెల్లకు పైగా ఎండిందే వాడు. మసి 3 మిల్లీమీటర్ల మందం కాగానే బ్రష్షు వెయ్యి.

మళ్లీ ఎర్రబడితే తలుపూ గాలి కంతా మూసి, అందర్నీ బయటికి పంపి, 101కి ఫోన్ చెయ్.

మావయ్య