నిలువు వలసా? ఊర్ధ్వ వలసా?

సందేహం: సముద్రపు లోతుల్లోని ప్రాణులు చీకటి పడితే పైకి వచ్చి తెల్లవారేసరికి కిందికి వెళ్ళిపోతాయట. దీన్ని ఒక వ్యాసంలో ‘ఊర్ధ్వ వలస’ అనీ, ఇంకోచోట ‘నిలువు వలస’ అనీ రాశారు. ఏది సరైనది? తెల్లారితే తిరిగి వెళ్ళిపోయేదాన్ని అసలు వలస అనవచ్చా? నీటివాలున కొట్టుకుపోయే చిన్న ప్రాణుల గురించి ‘ప్లవకాలు రాత్రికి పైకి తేలుతాయి’ అనే వాక్యం కూడా చూశాను. అది సరేనా?

సమాధానం: ‘నిలువు వలస’ అనండి. ఊర్ధ్వం అంటే పైవైపు. ఊర్ధ్వముఖం, ఊర్ధ్వదృష్టి అన్నప్పుడు మనకు తోచేది ఆ ఒక్క దిక్కే. ఈ ప్రాణుల ప్రయాణంలో సగం కిందికే ఉంది. పైగా పగలు పైన ఉండి రాత్రి లోతుకు దిగే జాతులూ కొన్ని ఉన్నాయి. సంస్కృత పదమే కావాలంటే ‘ఊర్ధ్వాధర’ అని రెండు దిక్కులూ చెప్పాలి. అంత బరువెందుకు? నిలువు అనే మాటలో ఎక్కడం, దిగడం రెండూ ఇమిడిపోతాయి.

వలస గురించి మీకు కలిగిన అనుమానం సహజమే. బతుకుతెరువు కోసం ఊరు వదిలి పోవడమే ఆ మాటకు మనకు బాగా అలవాటైన అర్థం. అలా పోయినవాళ్ళు మళ్ళీ వస్తారన్న నమ్మకం లేదు. అయితే ఋతువు మారగానే వెళ్ళి మళ్ళీ వచ్చే పక్షులను వలస పక్షులనే అంటున్నాం. తిరిగి రావడం ఆ మాటకు అడ్డు కాలేదు. బతకడానికి గుంపుగా చోటు మారడమే వలసకు ప్రాణం అనుకుంటే, ఈ ప్రాణులకు అది అచ్చంగా సరిపోతుంది. వెలుతురు అందే పైపొరలోనే వృక్షప్లవకాలు, అంటే మొక్కల్లా ఎండతో బతికే సూక్ష్మజీవులు, పెరుగుతాయి కాబట్టి మేత అక్కడే ఉంది. పగటిపూట అక్కడే ఉంటే చూపుతో వేటాడే చేపల నోట పడతాయి. అందుకే చీకట్లో ఎక్కి మేసి, వెలుగు రాకముందే దిగిపోతాయి.

‘రాకపోకలు’ అంటే సరిపోదా అని అడగవచ్చు. నాకది చాలదనిపిస్తుంది. కదిలే ప్రాణుల మొత్తం బరువును బట్టి చూస్తే భూమ్మీద ఇంతకు మించిన జంతు వలస లేదంటారు శాస్త్రవేత్తలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ధ్వనిని నీటిలోకి పంపి ప్రతిధ్వనిని బట్టి దూరం లెక్కగట్టే సోనార్‌తో లోతు కొలిచేవారికి, అసలు అడుగు ఇంకా ఎంతో కింద ఉండగానే, వందల మీటర్ల లోతు నుంచి ధ్వని తిరిగి వచ్చేది. సముద్రపు అడుగే అనిపించేంత దట్టమైన ఆ పొర సాయంత్రానికి పైకి జరిగేది! అది ప్రాణుల గుంపేనని 1945లో కాలిఫోర్నియా తీరం దగ్గర సముద్ర జీవశాస్త్రవేత్త మార్టిన్ జాన్సన్ పరిశీలనలు తేల్చాయి. లాంతరు చేపల వంటి వాటి ఒంట్లో ఉండే గాలితిత్తులు ధ్వనిని బాగా వెనక్కి పంపుతాయి. ఇంత పెద్ద కదలికకు వలస అన్న మాటే తగినది.

‘తేలుతాయి’ మాత్రం దిద్దాల్సిందే. ప్రాణం లేని చెక్కముక్క కూడా తేలుతుంది. ప్లవకం అనే పేరులోనే తేలడం ఉంది కదా అంటారేమో. ప్రవాహాలు ఎటు తోస్తే అటు పోతాయని వచ్చిన పేరు అది. నిలువుగా కదిలేటప్పుడు వాటి శ్రమ వాటిదే. కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఉండే కోపెపాడ్ (రొయ్యలకు దూరపు చుట్టమైన ప్లవకం) తన సన్నని కాళ్ళతో నీటిని నెట్టుకుంటూ, జాతిని బట్టి, వందల మీటర్లు కూడా ఎక్కుతుంది. దాన్ని తేలడం అంటే ఆ శ్రమంతా మాటలోంచి జారిపోతుంది.

‘వలస చేస్తాయి’ అనీ రాయకండి. తెలుగులో వలస పోతారు, వెళ్తారు, వస్తారు. ‘చీకటి పడగానే పైకి వలస వస్తాయి, తెల్లవారకముందే లోతుకు దిగిపోతాయి’ అని రాస్తే సరిపోతుంది.