ఏనుగు ఎముకల పక్కన రాతి పనిముట్లు దొరికితే చాలా?

ప్రశ్న: కశ్మీర్‌లోని పాంపోర్ దగ్గర 2000లో బయటపడ్డ పాతకాలపు ఏనుగు ఎముకలను మనుషులు పగలగొట్టి మూలుగ తిన్నారట. పక్కన రాళ్లు దొరికితే అలా చెప్పేయవచ్చా?

జవాబు: అంతమాత్రాన చెప్పకూడదు. వరద నీరు రెండింటినీ ఒకేచోటికి తోసి ఉండొచ్చు. అందుకే ముందు ఎముక మీది గాట్లు చూస్తారు. మొదటి చూపుకు పదింతలు చూపే భూతద్దం చాలు. రాతి అంచు కోసిన గాటు సన్నగా ‘వి’ ఆకారంలో ఉంటుంది, లోపల సమాంతరంగా వెంట్రుకల్లాంటి గీతలుంటాయి. పంటి గాడి అడుగు గుండ్రం. జంతువులు తొక్కినప్పుడు ఇసుక గీసినవి పైపైనే, అడ్డదిడ్డంగా ఉంటాయి. ఎక్కువగా పొరబడేది వీటి దగ్గరే.

ఏనుగుతో ఇంకో చిక్కు. కండ అంత మందం కాబట్టి పనిముట్టు ఎముకకు తగలకుండానే మాంసం తీయొచ్చు. పాంపోర్‌లోనూ కోత గాట్లు కనబడలేదు. ఆధారమల్లా ఎముక పెచ్చులే. పచ్చి ఎముకను రాతితో కొడితే మెలితిరిగి, నున్నటి అంచుతో పగులుతుంది, దెబ్బ పడ్డచోట నొక్కు మిగులుతుంది. ఎండిన ఎముకైతే అడ్డంగా, గరుకుగా విరుగుతుంది. పెచ్చులను బట్టి మూలుగ కోసమే పగలగొట్టారని 2024లో పరిశోధకులు ప్రకటించారు. అక్కడ దొరికిన రాతి పనిముట్లు 87. ఈ ఆనవాళ్ల వయసు 3 లక్షల నుంచి 4 లక్షల ఏళ్లు.

వేటాడారా అంటే, రుజువు లేదు. ఆ పుర్రెలో సైనస్ జబ్బు ఆనవాళ్లున్నాయి, దానంతటదే చచ్చి ఉండొచ్చు. జర్మనీలోని లేరింగెన్‌లో మాత్రం 1948లో ఏనుగు పక్కటెముకల మధ్య రెండు మీటర్లు దాటిన చెక్క ఈటె దొరికింది.