స్కూల్ సీటు అప్పీలుకి వెళ్లే ముందు

తల్లీ,

పాపకి రిసెప్షన్‌లో, అంటే ఇంగ్లండు బడిలో చేరే మొదటి ఏడాది క్లాసులో, మీరు కోరుకున్న స్కూల్ రాలేదని, అప్పీలు వేస్తున్నామని నీ మెసేజ్ చూశాను. ముందు ఒక పని చెయ్యి, ఇచ్చిన స్కూల్లో సీటు వద్దనకుండా తీసుకో. దానివల్ల అప్పీలుకి ఏ నష్టమూ లేదు, వద్దన్నావంటే మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

ఇంగ్లండులో ఈ అప్పీళ్లు వినే ప్యానెల్‌లో చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నా. చాలామంది తల్లిదండ్రులు పిల్ల ఎంత తెలివైందో చెప్పుకొస్తారు, సర్టిఫికెట్లు కూడా జతచేస్తారు. వింటుంటే ముచ్చటేస్తుంది గానీ ఆ కాగితాలతో ప్యానెల్ చెయ్యగలిగింది ఏమీ ఉండదు. రిసెప్షన్, ఇయర్ వన్, ఇయర్ టూ క్లాసుల్లో కొన్ని మినహాయింపులు తప్ప ఒక టీచరుకి 30 మందికి మించి పిల్లలు ఉండకూడదని చట్టం. ఆ 30 నిండాక ప్యానెల్ చూసేది అడ్మిషన్ రూల్స్ చట్టం ప్రకారం ఉన్నాయా, మీ పాప విషయంలో సరిగ్గా పాటించారా, తప్పు జరిగితే దానివల్లే సీటు పోయిందా, ఆ నిర్ణయం మరీ అసంబద్ధమా అన్నవే. ఆఫీసు టైమింగ్స్, ఇద్దరు పిల్లల్ని రెండు చోట్ల దింపాల్సి రావడం, ఇవన్నీ నిజమైన కష్టాలే, కానీ వాటిని బట్టి సీటు ఇప్పించే అధికారం వాళ్లకి లేదు. సెకండరీ స్కూల్ అప్పీలైతే మీ కారణాలనీ స్కూలుకి వచ్చే ఇబ్బందినీ పక్కపక్కన పెట్టి తూస్తారు. బాగా మాట్లాడగలిగిన వాళ్ల పిల్లలకే సీటు దక్కితే, లైన్లో నీకంటే ముందున్న బిడ్డకి జరిగేది అన్యాయం కాదా?

అందుకే నీ శక్తంతా కాగితాల మీద పెట్టు. ఇంటి నుంచి స్కూలుకి దూరం సరళరేఖలో కొలిచారా, నడిచే దారిలోనా, స్కూల్ ఏ గేటు దాకా కొలిచారు, చివరి సీటు వచ్చిన బిడ్డకి ఎంత దూరం, మీకు ఎంతని వేశారు, ఇల్లు మారాక కూడా పాత అడ్రసే వాడారా, పెద్దది అదే స్కూల్లో ఉన్నట్టు ఫారంలో నమోదైందా, ఒక్కొక్కటీ చూడు. తెలియనివి అడ్మిషన్లు చూసేవాళ్లని రాతపూర్వకంగా అడుగు, సబబైన ప్రశ్నలకి వాళ్లు జవాబివ్వాలి. ఒక్క తప్పు పట్టుకుని, టెనెన్సీ అగ్రిమెంటు, కౌన్సిల్ టాక్స్ (అక్కడి ఇంటి పన్ను) బిల్లు ముందు పెట్టావంటే అది పది పేజీల ఉత్తరం కంటే గట్టిగా నిలబడుతుంది.

తిరస్కరణ లేఖ వచ్చాక అప్పీలుకి కనీసం 20 స్కూలు రోజులు ఇవ్వాలి, హియరింగ్ తేదీ కనీసం 10 స్కూలు రోజుల ముందు చెప్పాలి. ఫీజేమీ లేదు. ప్యానెల్‌లో స్కూలుతో సంబంధం లేని ముగ్గురైనా ఉంటారు. నువ్వు లేనప్పుడు స్కూలు తరఫు మనిషి ఒక్కరే వాళ్లతో గదిలో ఉండకూడదు, ఉంటే వెంటనే ప్యానెల్ క్లర్కుకి చెప్పి రాయించు. తర్వాత ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే ఆ రాతే పనికొస్తుంది.

వెయిటింగ్ లిస్టులో పేరుందో లేదో ఈరోజే మెయిల్ పెట్టి కనుక్కో. డిసెంబరు 31 దాకా ఆ లిస్టు ఉంచి తీరాలి, వేసవిలో ఇళ్లు మారేవాళ్ల సీట్లు ఖాళీ అవుతుంటాయి. తిరస్కరణ లేఖ, స్కూల్ అడ్మిషన్ పాలసీ స్కాన్ చేసి నాకు పంపు, శనివారం కూర్చుని చూసి ఫోన్ చేస్తా.

అత్తయ్య