ముక్కలు అవే, కూర్చున్న చోటే వేరు

ప్రశ్న: టెక్సాస్ హోల్డెమ్ పోకర్ నేర్చుకుని ఏడాది అవుతోందండీ. రాజు-జాకీ వస్తే అస్సలు వదలను, కానీ ఒకసారి బాగా గెలుస్తా, ఇంకోసారి చిప్స్ అన్నీ ఊడ్చుకుపోతాయి. కూర్చున్న చోటుని బట్టి ఆడాలంటాడు మా ఫ్రెండ్. ముక్కలు అవే కదా, చోటుతో ఏం పని?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టండీ. 9 మంది టేబుల్ అనుకోండి, బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా కట్టే పెద్ద పందెం) కట్టినాయనకి ఎడమపక్కన కూర్చుని మొదట నోరు తెరిచేది మీరే అయితే వెనకాల ఇంకా 8 మంది ఉన్నారు, వాళ్లలో ఎవరి దగ్గర ఆసు-రాజు ఉందో మీకేం తెలుసు? అదే రాజు-జాకీ డీలర్ బటన్ మీద (పంచేవాడి చోటు, ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడేది) వచ్చి, ముందువాళ్లంతా ఫోల్డ్ చేసేశారంటే, అంటే ముక్కలు పడేశారంటే, మిగిలింది బ్లైండ్లు కట్టిన ఇద్దరే. అక్కడ ధైర్యంగా రైజ్ చెయ్యండి, అంటే పందెం పెంచండి. మొదటి చోట్లో అయితే, రెండూ ఒకే గుర్తువి కాకపోతే, నేను పడేస్తాను.

అసలు తేడా ఫ్లాప్ (బల్ల మీద అందరికీ కలిపి పరిచే మొదటి 3 ముక్కలు) తర్వాత తెలుస్తుంది. ఫ్లాప్‌లో రాజు-8-4 పడ్డాయనుకోండి. మీరు బెట్ వేశారు, బటన్ మీదున్నాయన రైజ్ కొట్టాడు. ఆయన దగ్గర ఆసు-రాజా, 8ల జతా, ఊరికే బెదిరిస్తున్నాడా? కాల్ చేస్తే (ఆయన వేసినంతా కడితే) టర్న్‌లో, అంటే నాలుగో ముక్కకి, మళ్లీ ముందు మీరే, రివర్‌లోనూ, అంటే చివరి ఐదో ముక్కకీ, మీరే, చెక్ అంటే (పందెం వెయ్యకుండా వంతు వదిలితే) భయపడ్డారనుకుని ఇంకా పెద్ద బెట్ వేస్తాడు, మీరే వేస్తే పాట్ (మధ్యలో పోగైన పందెం) పెరిగిపోతుంది. ఇప్పుడు చోట్లు మార్చి చూడండి, ఆయన చెక్ అన్నాడు, మీరు బెట్ వేశారు, ఆయన కాల్ చేశాడు, టర్న్‌లో ఆయన మళ్లీ చెక్ అంటే, మీకు అనుమానంగా ఉంటే మీరూ చెక్ అనేసి రివర్ ముక్క ఫ్రీగా చూసేయొచ్చు. ఫ్లష్‌కి (ఒకే గుర్తు ముక్కలు 5) ఒక్క ముక్క తక్కువైనప్పుడు ఈ ఫ్రీ ముక్క విలువ ఇంకా బాగా తెలుస్తుంది, మీకు కనపడని 46 ముక్కల్లో 9 మీకు పనికొచ్చేవే కదా.

స్మాల్ బ్లైండ్‌తో (బిగ్ బ్లైండ్‌లో సగం ముందే కట్టే చోటు) మాత్రం చాలా జాగ్రత్త, సగం ఎలాగూ కట్టేశాం కదా అని కాల్ చేసేస్తాం, కానీ ఫ్లాప్ నుంచి చివరిదాకా అందరికన్నా ముందు మాట్లాడాల్సింది మనమే. మీ చిప్స్ ఎక్కువగా పోతున్నది అక్కడేనేమో ఓసారి గమనించండి.

ఇంకోటి, సీటు ఎంచుకునే వీలుంటే మాటిమాటికీ రైజ్ చేసేవాడు మీ కుడిపక్కన ఉండేలా కూర్చోండి, ఆట ఎడమకి తిరుగుతుంది కాబట్టి ఆయన ఏం చేశాడో చూశాకే మీ వంతు వస్తుంది.